తూర్పు అని రాసిన బోర్డు

కొల్లేటికోట వైపు పడవల రేవుకు దారి చూపే బోర్డు తప్పు కావడానికి కారణం నేను. ఇరవై ఏళ్లుగా ఆ తప్పు మా మాస్టారి పేరు మీద ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తాడేపల్లిగూడెం. ఆయనది ఏలూరు. అందరూ ఆయన్ని సాయిబుగారు అనేవాళ్లు, నేను మాత్రం మాస్టారూ అనేవాణ్ని. ఇద్దరం కలిసి బోర్డులు రాసేవాళ్లం. రేకు మధ్యలో సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టేవాళ్లం. పై సగం తెలుగు, అది ఆయనది. కింది సగం ఇంగ్లీషు, అది నాది. ఆయనకి ఇంగ్లీషు రాదు. బోర్డుల పని అప్పజెప్పే ఆఫీసువాళ్లిచ్చే కాగితమేమో ఇంగ్లీషులో ఉండేది. అందులో ఉన్నది నేను నోటితో చెబితే ఆయన విని తలూపేవారు. తర్వాత బోర్డు పాతబోయే చోటికి వెళ్లి, అక్కడివాళ్లని అడిగి, వాళ్లు చెప్పినట్టు రాసేవారు.

దాంతో మా బోర్డుల్లో పై సగానికీ కింది సగానికీ పొంతన ఉండేది కాదు. ఉండి ఊరి దగ్గర ఒక రొయ్యల చెరువు గేటుకి రాశాం. లోపలికి ఎవరూ రాకూడదని నా సగం. కాళ్లు కడుక్కుని లోపలికి రండి అని ఆయన సగం. చెరువు రైతు రెండూ చదివించుకుని, "సరిగ్గానే ఉందండి. ఇంగ్లీషు చదివేవాళ్లతో మాకు పనేం లేదు," అన్నాడు. ఇంకోచోట, సాయంత్రం ఆరు దాటాక పడవలు నడపరాదని నేను రాస్తే, ఆఖరి పడవ వెళ్లిపోతే చేపల షెడ్డులో కూర్చోండి, ఎవరో ఒకరు వస్తారు అని ఆయన రాశారు.

"మాస్టారూ, కాగితంలో ఆ మాట లేదండి," అనేవాణ్ని నవ్వుతూ.

"కాగితం పడవెక్కుతుందేంటయ్యా," అనేవారు ఆయన, బ్రష్షు తుడుచుకుంటూ.

రేవు బోర్డు కాగితంలో ఎడమకు తిరగమని ఉంది. ఏలూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి అది సరైనదే. మాస్టారు అలవాటు ప్రకారం అక్కడివాళ్లని అడిగారు. మా వైపు కుడి, ఎడమ అని చెప్పేవాళ్లు తక్కువ. పంక్తిలో అన్నం తింటున్న మనిషిని కూడా కాస్త తూర్పుకి జరగమంటారు. ఆయన "రేవుకు తూర్పు గట్టు మీద వెళ్లండి" అని రాశారు.

బోర్డు పాతే రోజు శుక్రవారం. ఏలూరు నుంచి వచ్చేవాళ్లకి కనపడేలా పాతించమని నాకు చెప్పి ఆయన నమాజుకి వెళ్లారు. రోడ్డుకి రెండో వైపు, మండవల్లి నుంచి వచ్చే వైపు, బస్సు స్టాపు ఉంది. అక్కడ కాలేజీవాళ్లు, టీచర్లు నిలబడి ఉన్నారు. నా ఇంగ్లీషు అక్షరాలు వాళ్లు చూడాలనిపించింది. బోర్డుని మండవల్లి వైపుకి తిప్పి పాతించాను. అటు నుంచి వచ్చేవాళ్లకి ఎడమంటే పడమర. పడమట ఉన్నవి చేపల చెరువులు. తూర్పు మాత్రం బోర్డుని ఎటు తిప్పినా తూర్పే.

వారం తర్వాత ఆఫీసరు ఒకాయన జీపు దిగి, మమ్మల్నిద్దర్నీ బోర్డు ముందు నిలబెట్టాడు.

"కింద ఒకటి, పైన ఒకటి ఉందేంటయ్యా? కాగితంలో ఏముంది?"

మాస్టారు బోర్డు వంకా, రోడ్డు వంకా, తర్వాత నా వంకా చూశారు. ఆయనకి అర్థమైంది. నేను చెబుతానని ఆగారు.

"ఎడమ అని ఉందండి," అన్నాను. "ఆయనకి ఇంగ్లీషు రాదండి."

నేనన్న రెండు ముక్కలూ నిజమే.

"తూర్పు తప్పు కాదండి," అన్నారు మాస్టారు మెల్లగా.

"బోర్డు మీద దిక్కులు రాస్తారా ఎక్కడైనా? మార్చండి."

ఆయన గుడ్డని కిరసనాయిల్లో ముంచి, తూర్పు గట్టు అన్న మాటలు తుడిచి, ఎడమ గట్టు అని రాశారు. ఎప్పుడూ రాసినంత అందంగానే రాశారు. ఇప్పుడు రెండు సగాలూ కలిశాయి, రెండూ తప్పే. ఆఫీసరు సరిపోయిందని వెళ్లిపోయాడు.

ఏలూరులో బస్సు దిగేటప్పుడు, "రేపెళ్లి నువ్వే తిప్పించెయ్యవయ్యా," అన్నారు. అలాగేనండి అన్నాను. ఎందుకు తిప్పుతున్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక వెళ్లలేదు. తర్వాత కొన్నాళ్లకి ఆయన కొల్లేటి ఊళ్ల పనులు ఒప్పుకోవడం మానేశారు. ఆ తర్వాత నా దగ్గరికి రావడమూ మానేశారు. నేనూ పిలవలేదు.

ఫ్లెక్సీలు వచ్చేదాకా రెండు సగాలూ నేనే రాశాను. అన్నీ కాగితంలో ఉన్నట్టే ఉండేవి. వాటిని చూసి ఎవరూ నవ్వలేదు, ఆగి చదివినవాళ్లూ లేరు. ఇప్పటికీ బస్సు కిటికీలోంచి ఏ బోర్డు కనపడినా పై సగం ఆయనైతే ఏం రాసేవారో అనుకుంటాను. ఆయన పక్కన నిచ్చెన మీద నిలబడి ఇంకొక్క బోర్డు రాయాలని ఉంటుంది.

మొన్న వేసవిలో ఏలూరులో ఆయన ఇంటికి వెళ్లాను. చూపు బాగా తగ్గింది, గొంతు విని గుర్తుపట్టారు. చెప్పాల్సింది చెప్పాను.

"నాకు తెలిసిందే కదయ్యా. నాకు చెప్పడం దేనికి? రేవులో చెప్పు," అన్నారు. కోపంగా అనలేదు. టీ తాగి వెళ్లమన్నారు.

రేవుకి వెళ్లాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బోర్డు తీసేశారట. చేపలు ఎండబెడుతున్న ఒక పెద్దావిడని, బోర్డులు రాసే సాయిబుగారు గుర్తున్నారాండి అని అడిగాను.

"ఎందుకు గుర్తులేరండి? మా అమ్మాయి పెళ్లికి మా అన్నయ్యావాళ్లు ఆ బోర్డు చూసే చెరువు గట్లెమ్మట పడి తిరిగారు. జీలకర్రా బెల్లం వేళకి అందలేదు. సంతలో ఆయన్ని పట్టుకుని నాలుగు దులిపేశాను. తూర్పేదో తెలీనోడివి బోర్డెందుకు రాశావన్నాను. అందరూ నవ్వారండి. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డారండి."

బోర్డు తిప్పింది నేనని, ఆయన మొదట తూర్పనే రాశారని చెప్పాను. ఆవిడ చేతిలో చేప బుట్టలో పడేసి నా వైపు తిరిగింది.

"ఉన్నారాండి ఆయన?"

"ఉన్నారండి. ఏలూరులోనే."

ఆవిడ చేతులు కడుక్కుని చీర చెంగుకి తుడుచుకుంది.

"పొద్దున ఏలూరు బస్సుకి నేనొస్తాను, మీరూ రండి. నా నోటితో అన్న మాట నేను వెనక్కి తీసుకుంటాను. నేనెందుకలా అన్నానో మాత్రం మీరే చెప్పాలి, బస్సెక్కేముందు ఈ రేవులో మా వాళ్లందరి ముందూ చెప్పాలి."

అలాగేనండి అన్నాను. ఈసారి వెళ్లాను.