పెళ్ళిగుర్రం కవాతు

నిరుడు జెండా పండగనాడు మార్కాపురం మైదానంలో నిజాముద్దీన్‌కు తల కొట్టేసినంత పనయింది. పోలీసు బ్యాండు డ్రమ్ము మీద దెబ్బ పడగానే అతను కళ్ళెం పట్టి నడిపిస్తున్న తన గుర్రం చాందిని, జెండా ముందు తిన్నగా నడవాల్సింది పోయి, ముందుకాళ్ళెత్తి చిందులు మొదలుపెట్టింది. జనంలోంచి ఎవడో "పెళ్ళికొడుకేడిరా?" అని అరిచాడు. వేదిక మీది పెద్దలు కూడా నవ్వాపుకోలేకపోయారు. దాని తప్పేముంది పాపం! పొదిలి నుంచి గిద్దలూరు దాకా పెళ్ళి ఊరేగింపుల్లో ఆడి ఆడి, డ్రమ్ము వినబడితే ఆడాలనే దానికి తెలుసు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ఈసారి గుర్రం వద్దులే" అన్నాడు కవాతు ఏర్పాట్లు చూసే అధికారి. నిజాముద్దీన్ వింటేగా! "ఒక్కసారి సూడండి సార్. ఈసారి గనక ఆడిందంటే మళ్ళ ఈ గ్రౌండు తొక్కను" అని మాటిచ్చి వచ్చాడు. మొండితనానికి మీసాలు మొలిస్తే అచ్చం అతనిలాగే ఉంటుంది.

జెండా పట్టుకుని గుర్రమెక్కడానికి కృప అనే హోంగార్డును పంపారు. పెద్దారవీడు పిల్ల. మొన్నమొన్నటిదాకా తల్లితో మిరపచేలల్లో కూలికి పోయింది. గుర్రాన్ని దగ్గరగా చూడడమే మొదటిసారి. తొలిరోజే కిందపడి మోచేతులు గీసుకుపోయాయి. మర్నాడు మళ్ళీ వచ్చేసరికి నిజాముద్దీన్ ఆశ్చర్యపోయాడు.

"రావులే అనుకున్నా బిడ్డా!"

"ఎందుకు రాను మామా? పడింది గుర్రం మీంచే గదా, నల్లమల మీంచి గాదు గదా" అంటూ జీనెక్కింది కృప. ఆ మాటతో ఆ పిల్ల మీద అతనికి గురి కుదిరింది.

పిల్ల కుదురుకుంది గానీ గుర్రం కుదురుకోలేదు. నిజాముద్దీన్ కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తాడు. అతని భార్య రహీమున్నీసా రేకు డబ్బా వాయిస్తుంది. చాందిని ఆడుతుంది. గజ్జెలు విప్పేశాడు. అయినా ఆడింది. చెవుల్లో దూది కుక్కాడు. దూదితోనే ఆడింది. బెల్లం పెట్టి బుజ్జగించాడు. బెల్లం తిని మరీ ఆడింది.

ఒకరోజు వీధిలోంచి ఎవరో పిలిస్తే కళ్ళెం కృపకిచ్చి వెళ్ళాడు. రహీమున్నీసా వాయింపు ఆపలేదు. తిరిగొచ్చి చూస్తే, చాందిని కాడెద్దులా బుద్ధిగా నడుస్తోంది! సంతోషం పట్టలేక పరుగున పోయి కళ్ళెం అందుకున్నాడు. అంతే, మళ్ళీ చిందులు.

రహీమున్నీసా డబ్బా కింద పెట్టింది. "ముందు ఆడేది అది గాదయ్యా, నువ్వు. డబ్బా మోగితే సాలు, నీ భుజాలు ఎగురుతాయి. నిన్ను సూసి అది ఆడుతాంది."

అతను కృప వైపు చూశాడు. "నిజమే మామా. పెద్దోడివి, ఎట్ల సెప్పాలో తెలీక ఊరకున్నా" అందా పిల్ల.

చిన్ననాటి నుంచి ఊరేగింపుల్లో గుర్రం ముందు నడిచిన ఒళ్ళది. భుజాలు బిగిస్తే మోకాళ్ళు కదిలేవి, మోకాళ్ళు బిగిస్తే మెడ ఊగేది. జెండా ముందు కళ్ళెం పట్టి నడవాలన్నది అతని కోరిక, గుర్రం తిన్నగా నడవాలన్నది అతని పంతం. రెండూ పొసగవని తేలిపోయింది. అయినా పంతం పంతమే.

"కళ్ళెం నీ దగ్గరే పెట్టుకో బిడ్డా. ఆ పొద్దు నేను దాని కంటికి కనపడను" అన్నాడు.

జెండా పండగనాడు అందరి వెనక, జనంలో నిలబడ్డాడు. డ్రమ్ము మోగింది. చాందిని చెవులు నిక్కబొడుచుకుంది. కృప నడుం నిటారుగా ఉంది, చేతిలో జెండా రెపరెపలాడుతోంది. చాందిని అడుగు తీసి అడుగు వేస్తూ, వేదిక దాటి, మైదానం చివరిదాకా తిన్నగా నడిచిపోయింది. నవ్విన మనిషి లేడు.

పక్కనున్న ముసలాయన మెచ్చుకోలుగా తలూపాడు. "ఏం నడక! పోలీసు గుర్రమంటే ఇట్లుండాల. ఒంగోలు నుంచి తెప్పించినట్టుండారు. నిరుడు ఏందో పెళ్ళిగుర్రాన్ని తెచ్చినారు, నవ్వలేక సచ్చినాం."

'ఇది నాదే' అన్న మాట నిజాముద్దీన్ గొంతుదాకా వచ్చింది. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"అవును పెద్దయ్యా, పోలీసు గుర్రమే" అన్నాడు.