కంట్రోలు జడ

కూర్చో. అట్లా ఒరిగి కాదు, సరిగ్గా కూర్చో, ఫోను ఆ దిండుకు ఆనించు. ఫోటో చూసి బొమ్మ గీస్తే అది కాపీయే తప్ప బొమ్మ కాదని నీ స్నేహితురాలు అన్నదని నిన్నటినుంచి మూతి ముడుచుకుని తిరుగుతున్నావు. నిజమో కాదో నాకు తెలియదు. కానీ ఫోటో చూడకుండా గీసి ఒకసారి, చూసి గీసి ఒకసారి, రెండు విధాలా నవ్వులపాలైన మనిషిని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి నా మాట విను, రాసుకో. (నేను ‘ఉండాది’ అంటే నువ్వు ‘ఉంది’ అని దిద్దుతున్నావు, చూస్తూనే ఉన్నాను. నా మాటలు దిద్దుకో, పుస్తకంలో బాగుంటుంది. మా అవ్వ మాటలు మాత్రం ముట్టుకోవద్దు, యాడున్నా లేచి వస్తుంది.)

ఆ రోజుల్లో ఒక మనిషికి బతుకంతా కలిపి నాలుగైదు ఫోటోలు ఉంటే గొప్ప. అందులోనూ మా వైపు, ఉన్నవాటిలో సగం, గుండు ఫోటోలే. వేరే ఊళ్లవాళ్లు శుభ్రంగా తల దువ్వుకుని, పూలు పెట్టుకుని స్టూడియోకి పోతారు. మా వడమాలపేట వాళ్లకు స్టూడియో గుర్తొచ్చేది కొండకు పోయి దిగి వచ్చినప్పుడే. కొండకు పోయామంటే తలనీలాలు ఇచ్చే ఉంటాం. అందుకని మా ఇళ్లలో ఆల్బం తెరిస్తే పెద్దా చిన్నా అందరూ గుండ్లకు గంధం పూసుకుని, వెనక తెరమీద గీసిన కొండలముందు, పున్నమి చంద్రులు వరస కట్టినట్టు నిలబడి ఉంటారు. వాళ్లలో ఎవరు ఆడ, ఎవరు మగ అన్నది చెవి కమ్మలను బట్టి తెలుసుకోవాలి.

నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గిన సంవత్సరం మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఇంటిల్లిపాదికీ కలిపి మొక్కేసింది. నా జుట్టు ఎట్లాగూ దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది, పోయేదేదో స్వామికే పోనీ అని ఆమె లెక్క. అలిపిరి నుంచి నడిచి ఎక్కాం, గుండ్లు చేయించుకున్నాం, దిగివచ్చి ఫోటో తీయించుకున్నాం. అప్పుడు నేను తిరుపతిలో ఒక డీటీపీ అంగట్లో పనికి పోయేదాన్ని. పెళ్లి పత్రికలు, క్యాలెండర్లు, సినిమా హాలు స్లైడ్లు అన్నీ కంప్యూటర్లో తయారుచేసే అంగడి అది. నేను అందులో బొమ్మల మనిషిని. ఉదయం బస్సులో పోవడం, వినాయకుణ్ణీ కలశాన్నీ అరటిచెట్లనూ మౌసుతో గీయడం, సాయంత్రం బస్సులో రావడం. మౌసుతో గీయడమంటే తడి సబ్బుముక్కతో ముగ్గు వేసినట్టు. నీకు ఇప్పుడు పెన్ను ఇచ్చారు, తెరమీదే గీస్తావు, తప్పితే ఎన్నిసార్లయినా వెనక్కి పోతావు. మాకు ఆ ప్రోగ్రాంలో వెనక్కి పోవడం ఒక్కసారే. ఆ ఒక్కసారి ఎప్పుడు వాడాలో తెలియాలి. అందుకే మా ఓనరు నా వెనక నిలబడి “కంట్రోల్ జెడ్! అమ్మాయ్, ఇంకో గీత గీయకముందే కంట్రోల్ జెడ్!” అని అరుస్తూ ఉండేవాడు. ఆయనకు కంట్రోల్ జెడ్ అన్న అనే పేరు పెట్టింది నేనే. (నాకు కూడా ఒక పేరు ఉండేది. అది రాయనక్కర్లేదు.)

ఇట్లా గుండుకు స్కార్ఫు కట్టుకుని నేను పనికి పోతూ ఉండగా మా మేనమామ చిత్తూరు నుంచి ఒక సంబంధం తెచ్చాడు. అంతకుముందు వచ్చినవాళ్లందరూ మొదటి మాటలోనే “పెళ్లయినాక పిల్ల అంగడికీ గింగడికీ పోయేది ఉండదు కదా?” అని అడిగేవాళ్లు. చిత్తూరు అబ్బాయి మాత్రం “ఆ కంప్యూటరు పని పెళ్లయినాక కూడా చేస్తాదా? చిత్తూర్లో కూడా దొరుకుతాదే” అని మా మామను అడిగాడట. ఆ ఒక్క మాటకు నేను మనసులో పల్లకీ ఎక్కేశాను. మౌసు వదలక్కర్లేదు అన్న మొగుడు ఆ జిల్లాలో ఇంకొకడు దొరుకుతాడని నాకు నమ్మకం లేదు. వాళ్లు పంపిన ఫోటోలో ఆయన, ఒత్తైన జుట్టు వెనక్కి దువ్వుకుని, దొరబాబులా ఉన్నాడు. నా ఫోటో అడిగారు, అదీ ఆషాఢం రాకముందే కావాలన్నారు. నా దగ్గర ఉన్నవి రెండు. పదో తరగతి గ్రూపు ఫోటోలో నేను కళ్లు మూసుకుని ఉన్నాను. రెండోది గుండు ఫోటో. అది చూసి మా మామ మెచ్చుకుంటూ “ఈ ఫోటోలో పాప బాగుండాదే” అన్నాడు. చెయ్యి మా తమ్ముడి మీద పెట్టి.

“గుండు ఫోటో పంపితే వాళ్లు మొగం చూడరప్పా, గుండే చూస్తారు” అన్నది అవ్వ. “మేయ్, మీ అంగట్లో ఏందో జడ ఉండాదని రోజూ చెప్తావు కదా, కంట్రోలు జడ. ఇన్నాళ్లూ కంట్రోల్లో బియ్యము, చక్కెర, కిరసనాయిలు ఇస్తా ఉండ్రి, ఇప్పుడు జడ కూడా ఇస్తా ఉండారా? ఉంటే ఒకటి నీ తలకు పెట్టించుకో పో.”

(రేషను అంగడిని మా వైపు కంట్రోలు అనేవాళ్లు.) నాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కానీ ఆలోచన నాకు నచ్చింది. ఫోటో స్కాన్ చేసి, నా గుండుమీద జుట్టు నేనే గీసుకుంటే? ఆషాఢం గడిచి పెళ్లిచూపులకు వచ్చేసరికి సవరం కట్టుకునేంత జుట్టు నిజంగానే పెరుగుతుంది. అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం. (ఆ వయసులో ఇట్లాంటి లెక్కలు బాగా కుదిరేవి.)

మొదటిసారి దేన్నీ చూడకుండా గీశాను. పుట్టినప్పటినుంచి నెత్తిన మోస్తున్న జుట్టు, దాన్ని గీయడానికి ఫోటో ఎందుకు అనుకున్నాను. జుట్టంటే ఏముంది, నలుపు. చెవినుంచి చెవికి తలచుట్టూ గీత గీసి, బకెట్టు బొమ్మ నొక్కి నల్లరంగు పోశాను. గీతలో ఎక్కడో చీమ దూరేంత సందు వదిలాను కాబోలు, రంగు అందులోంచి కారి కొండలు, ఆకాశం, మా అవ్వ, అందరూ ఒక్క రెప్పపాటులో నల్లబడిపోయారు. కంట్రోల్ జెడ్. సందు మూసి మళ్లీ పోశాను. ఈసారి రంగు తలమీదే నిలిచింది. నాకైతే అద్భుతంగా కనిపించింది. ఓనరు వచ్చి, తల అటు వంచి ఇటు వంచి చూసి, “బాగుంది అమ్మాయ్. పెళ్లికూతురు స్కూటరు మీద పోతా ఉండాదా?” అన్నాడు. అప్పుడు కనిపించింది నాకు, హెల్మెట్టు. కళ్లు మూసుకుని ఎట్లా గీసినా అదే హెల్మెట్టు వచ్చేది. ఒకసారి పాపిట తీశాను, హెల్మెట్టుకు చీలిక పడినట్టయింది. ఒకసారి జడ ముందుకు వేశాను, హెల్మెట్టుకు తాడు కట్టినట్టయింది.

“నీకు జుట్టు తెలుసు అనుకుంటా ఉండావు, నీకు తెలిసేది నలుపు ఒకటే” అన్నాడాయన. “ఫోటో తెచ్చుకుని ఎదురుగా పెట్టుకో. కనిపించేదంతా గీయి, అనుకునేది ఒక్కటి గీయొద్దు.”

మా ఇంట్లో జుట్టంటే చిన్నమ్మ జుట్టే. మా అమ్మ చెల్లెలు, అప్పుడే పెళ్లయి రెండు పండగలు గడిచిన మనిషి, కూర్చుంటే జడ చాపమీద పడేది. ఆమె ఫోటో తెచ్చి తెర పక్కన అంటించుకుని, పని లేనప్పుడల్లా గీశాను. అప్పుడు నాకు కళ్లు తెరుచుకున్నాయమ్మా. వెలుతురు పడినచోట జుట్టు నలుపు కాదు, నీలం. చెవి దగ్గర మట్టిరంగు. నుదుటిమీద అది గీతలాగా మొదలు కాదు, పొగలాగా మొదలవుతుంది. నేను ఆ ఫోటో కూడా స్కాన్ చేసి, చిన్న చిన్న గళ్లు కనిపించేంత పెద్దది చేసుకుని, ఏ గడిలో ఏ రంగు ఉంటే ఆ రంగు, ఆలోచన అనేది పెట్టకుండా దించాను. పూర్తయిన రోజు మా ఓనరు కుర్చీ లాక్కుని కూర్చుని, తెరకు ముక్కు ఆనించి వెంట్రుక వెంట్రుక చూశాడు. ఆయన కంట్రోల్ జెడ్ అనకపోవడం అదే మొదలు. నన్ను ఒక్కదాన్నే కత్తిరించి తీసిన ప్రింటు ఇంటికి తీసుకుపోతే అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం మీద గోటితో గీకి, “ఊడలేదే!” అన్నది. అమ్మ చూసింది, నాయన చూశాడు, చిన్నమ్మ స్వయంగా వచ్చి తన జుట్టు నా తలమీద చూసుకుని మురిసింది. ఒక్కరికీ ఏమీ కనిపించలేదు. ఫోటో చిత్తూరుకు పోయింది.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం అంగట్లోకి ఒకామె వచ్చింది. నిండైన మనిషి, చేతిలో బుట్ట, ముఖాన చెమట. బయట ఒక స్కూటరు ఆగింది, దానిమీద ఒకాయన ఎండకు తలకు రుమాలు కట్టుకుని, లోపలికి రాకుండా అక్కడే ఉన్నాడు. ఓనరు భోజనానికి పోయాడు, నేను ఒక్కదాన్నే, స్కార్ఫు బిగించుకుని కూర్చున్నాను.

“పాపా, ఈ ఫోటో వెనక మీ అంగడి స్టాంపు ఉండాది. ఇది మీ దగ్గర తీసిందేనా?” అని కొంగులోంచి తీసి ఇచ్చింది.

చూస్తే నేనే.

“చిత్తూరు నుంచి పనిగట్టుకోని వచ్చినా పాపా. మావానికి ఈ పిల్లను చూపిస్తా ఉండారు. మొగం లచ్చనంగా ఉండాది, కాదనేది లేదు. కానీ ఈడ చూడు, ఈ పాపిట్లో. ఎర్రగా. మా ఆడబిడ్డ అంటాది అది కుంకుమంట. పెండ్లికాని పిల్లకు పాపిట్లో కుంకుమేంది? పెండ్లి అయ్యి, వదిలేసి, మళ్లీ మా నెత్తిన కడతా ఉండారేమోనని ఇంట్లో రగడ. నేనేమో ప్రింటు మచ్చ అంటా ఉండా. కంప్యూటర్లో పెద్దది చేసి చూపిస్తారంట కదా, రోంత చూపియ్యి.”

ఆమె వేలు పెట్టినచోట వంగి చూశాను, కుంకుమే. కనిపించేదంతా గీయమన్నాడు కదా మా గురువు, నేను చిన్నమ్మ పాపిట్లో కుంకుమతో సహా గీశాను. ఎవరూ కనిపెట్టలేదంటే ఎట్లా కనిపెడతారు? మా ఇంట్లో పొద్దున లేస్తే ఏ ఆడమనిషి తల చూసినా అదే పాపిట, అదే ఎరుపు. జుట్టు ఉంటే కుంకుమ ఉంటుంది అన్నట్టు కళ్లకు అలవాటయిపోయింది.

ఫైలు తెరిచాను. కంగారులో హెల్మెట్టు ఫైలు తెరుచుకుంది. “ఇదెవురు, పోలీసాఫీసరా?” అన్నదామె. మూసి, అసలుది తెరిచాను. నా తలను నేనే పెద్దది చేశాను. నుదురు వచ్చింది, పాపిట వచ్చింది, ఇంకా పెద్దది చేస్తే ఎర్రటి గళ్లు వచ్చాయి. ఒకదానిమీద ఒకటి ఇటుకలు పేర్చినట్టు, తెరనిండా ఎరుపు.

“మచ్చ అయితే ఇట్లా వరసగా ఉండదు కదా పాపా” అన్నదామె, గొంతు తగ్గించి. “పిల్ల మాకు అందరికీ నచ్చిందే. మావాడైతే ఆ ఫోటో పర్సులో పెట్టుకోని తిరగతా ఉండాడు.”

ఆ మాట లేకపోతే ప్రింటు మచ్చ అని చెప్పేసి పంపేదాన్నేమో. నేను లేచి స్కార్ఫు తీసేశాను. వేలెడు కూడా పెరగని జుట్టు, పనసకాయలాగా. “ఆ పిల్లను నేనే అమ్మా. టైఫాయిడ్ వచ్చి కొండకు ఇచ్చినా. ఈ జుట్టు మా చిన్నమ్మది. కుంకుమ కూడా ఆమెదే. నేనే గీసినా.”

ఆమె నన్ను చూసింది, తెరను చూసింది, మళ్లీ నన్ను చూసింది. “నువ్వు గీసినావా? ఇదంతా? చేత్తోనా?” అని అడిగి, నేను తల ఊపేసరికి కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, వాకిలి వైపు తిరిగి, “రేయ్, లోపలికి రారా! ఆ రుమాలు తీసేసి రా, ఈ పిల్ల తలపాగ తీసేసింది, నీకేమి!” అని కేకేసింది.

ఆయన వచ్చాడు. రుమాలు తీశాడు. నుదురు మొదలైంది, పోతూనే ఉంది, పోతూనే ఉంది, నడినెత్తి దాటాక ఎక్కడో నాలుగు పోచలు అడ్డం వచ్చాయి.

“మేము పంపిన ఫోటో వాడు కాలేజీ చదివేటప్పుడు తీసింది” అన్నదామె, ఏమాత్రం సిగ్గుపడకుండా. “నీది పెరుగుతాది లే పాపా. మావానిది ఇంక పెరిగేది కాదు.”

ఆయన నన్ను చూడలేదు, తెరమీద ఎర్రగళ్లు చూస్తూ నిలబడ్డాడు. “ఇదంతా గడి గడి గీసినారా?” అన్నాడు. “చిత్తూర్లో మా వీధి చివర ఇట్లాంటి అంగడే కొత్తగా పెడతా ఉండారు. బొమ్మలేసే మనిషి కావాలంట.” పెళ్లిచూపుల్లో మాకు జరిగిన మాటలు అంతే. మిగతావి వాళ్లు మా ఇంటికి వచ్చినప్పుడు మా అవ్వ మాట్లాడింది. “మేము లేంది పెట్టినాము, మీరు పోయింది పెట్టినారు, సరికి సరి, ముహూర్తం పెట్టుకోండప్పా” అని.

ఆ తరవాత ఆ చిత్తూరు అంగట్లో చాలా ఏళ్లు పని చేశాను. పని లేనప్పుడు చెయ్యి ఊరుకోక మీ తాతను గీసేదాన్ని. గుండుతో ఆ తిరుపతి అంగడి కుర్చీలో కూర్చుని తన తలను తానే పెద్దది చేసి చూపించిన పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకుని, పోనీలే పిచ్చిదానా, అనాలనిపిస్తుంది. నువ్వు బడికి పోయాక నీ ట్యాబులో గీసేది కూడా నేనే, నువ్వు అనుకుంటున్నట్టు మీ తమ్ముడు కాదు. ఫోటో పక్కన పెట్టుకుని గీస్తే సరిగ్గా మీ తాతే వస్తాడు, ఆ నుదురు, ఆ కళ్లద్దాలు, గడ్డం కింద మడత, అన్నీ. ఫోటో తీసేసి, ఏదీ చూడకుండా గీస్తే మాత్రం ఎంత వద్దనుకున్నా నా చెయ్యి ఆ తలమీద నల్లగా, ఒత్తుగా, వెనక్కి దువ్విన...

“ఏమ్మే, సంగటి చల్లారిపోతా ఉండాది! ఆ పిల్లకు ఏం నూరిపోస్తా ఉండావు ఇంతసేపు?”

వస్తా ఉండా, వస్తా ఉండా. మీ తాతకు ఆకలేస్తే ఆగడు. ఎంతవరకు రాశావు? వెనక్కి దువ్విన... ఆ, అది కూడా కాదు అసలు సంగతి, చూడకుండా గీసినప్పుడు ఆయన పక్కన నేను కూడా వస్తాను, నాకైతే తలమీద ఇప్పటికీ అదే హెల్మెట్టు...