తలకాయ వాటా

కువైట్‌లోని సాల్మియాలో మాంసం కొట్టే అల్లాబకష్‌కు రోత అంటే ఏమిటో తెలియదు. రాయచోటిలో తాత కాలం నుంచీ కసాయి పనే. పేగులు కడిగిన చేత్తోనే చాయ్ గ్లాసు అందుకునేవాడు. అలాంటి మనిషి, ఇరాక్ సైన్యం కువైట్‌ను మింగి కూర్చున్న ఆ తొంభయ్యో సంవత్సరం అక్టోబరులో, తన చేతుల్ని చూసి తానే అసహ్యించుకున్నాడు.

మంచి గొర్రెలన్నీ సైనికులు లారీలకెక్కించుకు పోయారు. వాళ్లు కూడా ఛీకొట్టి వదిలేసిన వాటిని దుకాణం చూసుకునే చాంద్ బాషా తోలుకొచ్చాడు. ఏం గొర్రెలవి! పొద్దస్తమానం గోడకు ఒళ్లు రాసుకునేవి. ఉన్ని ఊడి, తోలు చిట్లి, నెత్తురు, చీము, ఈగలు. నాలుగడుగులు వేస్తే వెనక కాళ్లు తడబడేవి.

"గజ్జిలేబ్బా. తోలు రోగం తోలుతోనే పోతాది," అన్నాడు చాంద్ బాషా.

అల్లాబకషూ అదే అనుకున్నాడు. తోలు ఒలిచాక మాంసం ఎర్రగా, శుభ్రంగా కనబడితే ఏ కసాయికి అనుమానం వస్తుంది?

కోసినవాడికి తలకాయ, కాళ్లు వాటా. ఊళ్లో ఉన్న ఆ కట్టుబాటే ఇక్కడా నడిచేది. మూడు వారాలుగా ఆ తలకాయలన్నీ అతని భార్య జమీలా బీ వంటింటికే పోయాయి. ఆమెకు అయిదో నెల. అంగళ్లలో పాలపొడి కూడా దొరకని రోజులు. తాను రొట్టె చాయ్‌లో ముంచుకు తిని, తలలోని మెదడు, ఆ భేజా మొత్తం ఆమె పళ్లెంలోనే వేసేవాడు. అందుకు లోలోపల గర్వపడేవాడు కూడా.

ఒకరోజు మాంసానికి వచ్చిన సూడాన్ పశువుల డాక్టరు ఒక గొర్రెను చూసి ఆగిపోయాడు. దాని నడుము మీద గోకాడు. గొర్రె తల ఎత్తి, పెదవులు చప్పరిస్తూ గాలిని కొరికింది. డాక్టరు చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇది గజ్జి కాదు, మెదడు రోగంలా ఉందని వచ్చీరాని హిందీలో చెప్పాడు. మెదడులో ఒక ప్రోటీన్ వంకర తిరిగి, పక్కవాటినీ వంకర తిప్పుతుందట. మెదడు తూట్లు పడి స్పాంజిలా అవుతుందట. దాన్ని ప్రియాన్ అంటారట. ప్రాణమున్న పురుగు కాదు కాబట్టి ఉడికించినా చావదట.

"మరి తిన్నోళ్లకు?" అడిగాడు అల్లాబకష్.

"గొర్రెల నుంచి మనుషులకు వచ్చినట్టు రుజువు లేదు. ఇంగ్లండులో ఆవులకు ఇలాంటిదే వస్తోంది, దాని సంగతి ఇంకా తేలలేదు. ఇలాంటి రోగాలు బయటపడటానికి ఏళ్లు పడతాయి. మెదడు మాత్రం తినొద్దు."

రుజువు లేదన్న మాట అతని చెవికెక్కలేదు. తల చీల్చి వేళ్లతో భేజా తీసినప్పటి మెత్తదనం గుర్తొచ్చి, మురికి కాలువ పక్కన కూర్చుని కక్కుకున్నాడు. కత్తి విసిరేశాడు.

"నేను కొయ్యను. ఖలాస్."

"జనం పస్తులుంటే నీకు షోకులా? నువ్వు కొయ్యకుంటే నేనే కోస్తా," అన్నాడు చాంద్ బాషా. ఛీ, అదీ ఒక నోరేనా!

ఇంటికొచ్చి మోచేతుల దాకా సబ్బుతో తోముకున్నాడు. జమీలా పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. మిరియాలేసి వేయించిన భేజా.

"నిన్నటిది సగం దాచిపెట్టినా. ఎప్పుడు చూసినా నాకే పెడతావు. ఈ పొద్దు నువ్వు తిను."

"నాకొద్దు, పారెయ్."

"ఇట్టాంటి రోజుల్లో పారేస్తారా ఎవరన్నా? నేనే తింటాలే," అంటూ ఆమె పళ్లెం తన వైపు జరుపుకుంది.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆమె చెయ్యి కడుపు మీద ఉంది. చెబితే, రేపు బిడ్డ పుట్టి, పెరిగి, తూలినప్పుడల్లా, ఏదన్నా మరిచిపోయినప్పుడల్లా ఈమె ఎన్నేళ్లు హడలి చావాలి? పళ్లెం లాక్కున్నాడు. ముద్దముద్దకూ నీళ్లు తాగి తాగి మింగుతూ మొత్తం ఊడ్చేశాడు.

"ఇంత ఆకలి పెట్టుకోని ఇన్నాళ్లూ నాకే పెట్నావా?" అంది జమీలా కళ్లు తుడుచుకుంటూ. గిన్నె అడుగున మిగిలింది కూడా గీకి అతని పళ్లెంలో వేసింది.