బుదయ్య గిటారు, మామ్మ ఆవకాయ జాడీ

సముద్రాలు దాటి వచ్చిన ఒక వీరుడి కథ చెప్పబోతున్నాను. ఇందులో యుద్ధం ఉంది, ముళ్ళకంచె ఉంది, తుపాకులు పట్టుకున్న మనుషులున్నారు, ఒకే ఏడాది స్వతంత్రం వచ్చిన రెండు దేశాలున్నాయి, ఏళ్ళ తరబడి సాగిన ఎదురుచూపు ఉంది. ఇలా మొదలుపెడితే మహాకావ్యంలా ఉంటుందని రెండు రోజులు ఆలోచించాను. నిజానికి ఇది, పోయిన ఆదివారం మలేషియాలోని మా ఊరు సుంగై సుమున్ నుంచి ఇపో పట్నంలోని నా అద్దె గదికి, మా నాన్న ఒళ్ళో కూర్చుని బస్సులో వచ్చిన ఒక ఆవకాయ జాడీ గురించి. మామ్మ పోయాక ఆవిడ సామాను పంచుకుంటే గొలుసు అత్తకు, మంచం బాబాయికి, జాడీ నాకు వచ్చాయి. మూతి మీద వాసెన గుడ్డ కట్టింది కట్టినట్టే ఉంది. నిమిషంలో గదంతా ఆవపిండి, నువ్వులనూనె, ఎండుమిరప వాసన కమ్ముకుంది. పక్కగదిలో ఉండే చీనా టీచరమ్మ రెండుసార్లు తుమ్మి తలుపేసుకుంది. నేను మాత్రం ఆ వాసన పట్టుకుని తొమ్మిదేళ్ళ వయసులోకి జారిపోయాను.

ఆ వయసులో నా లోకమంతా ఒక కొబ్బరితోట. నాన్న అందులో కిరాణీ, అంటే ఆఫీసులో కూర్చుని కూలీల హాజరు రాసే గుమస్తా. మలయాను తెల్లవాళ్ళు ఏలుతున్న ఎమర్జెన్సీ రోజులవి. అడవిలో కమ్యూనిస్టులున్నారని తోట చుట్టూ ముళ్ళకంచె వేశారు, సాయంత్రం ఆరు కొట్టగానే గేటు మూసేవారు, అడవికి చేరుతుందన్న అనుమానంతో గుప్పెడు బియ్యం కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. పొద్దున్నే కాలవల్లోంచి లేచే బురద వాసన, పదింటికి కొబ్బరి ఎండబెట్టే కొలిమి పొగ, మూడింటికి గడియారం చూసుకుని వచ్చినట్టు వచ్చే వాన, వాన వెలిశాక ఎక్కడో ఒక కాయ ధబ్బుమని రాలిన చప్పుడు. ఆ చప్పుడుకు కాపలా పోలీసులు ఉలిక్కిపడి తుపాకులెత్తేవారు. ఎమర్జెన్సీ మొత్తంలో మా తోటలో వాళ్ళు కాల్చింది, నాకు తెలిసి, రెండు కొబ్బరికాయల్ని.

మేనేజరు దొర బంగళా ఆ చివర, కూలీల లైన్లు, అంటే వరస ఇళ్ళు, ఈ చివర, మా ఇల్లు మధ్యలో. దొర పిల్లలు ఇంగ్లండులో చదువుకునేవారు. లైన్ల పిల్లలతో కిరాణీ కూతురు ఆడకూడదని నాన్న నియమం. నాకు తోబుట్టువులు లేరు, అమ్మ నేను పుట్టిన ఏడాదే పోయింది. అందుకని నాతో నేనే దాగుడుమూతలు ఆడేదాన్ని. కొలిమి వెనక దాక్కుని నూరు దాకా లెక్కపెట్టి, ఎవరూ వచ్చి పట్టుకోలేదు గనుక గెలిచానని అనుకునేదాన్ని. అలా ఏళ్ళ తరబడి నేను ఒక్క ఆట కూడా ఓడిపోలేదు.

ఎండుకొబ్బరి ఎక్కించుకోవడానికి మా రేవుకొచ్చిన ఒక ఓడలో, నిచ్చెన మీంచి జారి ఒక మనిషి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఓడ ఆగలేదు. అతన్నీ, అతని గిటారునీ తోట ఆసుపత్రిలో దింపేసి వెళ్ళిపోయింది. పడమటి ఆఫ్రికాలో గోల్డ్ కోస్టు అతని దేశం, పేరు క్వేకు. వాళ్ళలో బుధవారం పుట్టిన మగవాళ్ళకు ఆ పేరు పెడతారట. ఇది విని, ఆసుపత్రిలో రోగులకు గంజి కాచి పోసే మా మామ్మ తెగ సంబరపడింది. "మనోల్లలాగే వారాన్ని బట్టి పేరెట్టినారు. బుదోరం పుట్టినోడు బుదయ్య కాక ఇంకేటవుతాడు?" అంది. ఆ రోజు నుంచి దొరతో సహా అందరికీ అతను బుదయ్య.

నాలుగు మంచాల ఆ ఆసుపత్రిలో మూడు ఖాళీ. గంజి గిన్నె వెనకాలే వెళ్ళి నేను ఒక ఖాళీ మంచం మీద కూర్చునేదాన్ని. నా బడి ఇంగ్లీషు, అతని రేవు ఇంగ్లీషు తడబడుతూ కలుసుకునేవి. నన్ను 'చిన్న మేడమ్' అనేవాడు. కిటికీలోంచి పక్క తోట పామాయిలు చెట్లు కనిపించేవి. మొదటిసారి వాటిని చూసి మంచం కదిలేలా నవ్వాడు. "ఆ చెట్లది మా ఊరే. నాకంటే ముందొచ్చి స్థిరపడ్డాయి. వాటికి కాళ్ళు విరగలేదు మరి."

అతని చదువు గురించి అడిగితే గురువుల పేర్లు వరసగా చెప్పేవాడు. మొదటి గురువు రేవులో బస్తాలు మోసే ముసలి ఓడమనిషి. గిటారుకు బొటనవేలు, చూపుడువేలు చాలు, మిగతావి సిగరెట్టు పట్టుకోవడానికని నేర్పాడట. రెండో గురువు చర్చిలో వాళ్ళమ్మ పాడే కీర్తనలు. మూడోది సిపాయిల బ్యాండు. నాలుగోది, ఏ దీవి నుంచో వచ్చి, ఊళ్ళో ఎవరికీ మాటలు అర్థంకాకపోయినా అందరూ గెంతే గ్రామఫోను రికార్డు. ఇవన్నీ కలిపి కల్లుపాకల్లో వాయించి, చివరికి రాజధానిలో ఒక డాన్సు ఆర్కెస్ట్రాలో చేరాడు. తెల్లకోటు వేసుకుని రెండేళ్ళు వాయించాడు. ఎక్కడ నిలబడేవాడివి అంటే, "బాకా ఊదేవాడి వెనక. వాడు చాలా లావు," అన్నాడు. ఆర్కెస్ట్రా మూతపడ్డాక ఓడెక్కాడు. అతని కోరిక ఒక్కటే, తన పేరుతో ఒక్క రికార్డు తియ్యడం. "మా ఊళ్ళో గిటారు వాయించేవాళ్ళు మీ తోటలో కాయలంత మంది. ఎవరి దగ్గరా లేని పాట ఒకటి దొరకాలి, చిన్న మేడమ్."

ఎవరి దగ్గరా లేని పాట నా దగ్గరుంది. మామ్మ మిరపకాయలు దంచుతూ పాడుకునేది, కొత్తగా కాపురానికొచ్చిన వదినను ఆడపడుచు ఆటపట్టించే పాట. రోజూ కొంచెం కూనిరాగం తీసి వినిపించేదాన్ని. అతని బొటనవేలు రోకలిపోటులా నింపాదిగా పడేది, చూపుడువేలు మధ్యలో వదినలా ఉలిక్కిపడేది.

అతను మంచం మీద ఉండగానే వాళ్ళ దేశానికి స్వతంత్రం వచ్చింది. నాన్న పేపరు తీసుకెళ్ళి చదివి వినిపించాడు. దేశం పేరు కూడా మారింది, ఇక మీదట ఘనా. బుదయ్య కిటికీ వైపు తిరిగాడు. ఏడుస్తాడేమోనని నేను దగ్గరికి జరిగాను. "కట్టు లోపల దురద. ఒక పుల్ల ఇస్తావా?" అన్నాడు.

ఆ వారమే గిటారు తీగ ఒకటి తెగింది. సైకిలు బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగితే సరిగ్గా పలుకుతుందని మాటవరసకు అన్నాడు. నేను మాటవరసకు వినలేదు. మర్నాడు నాన్న సైకిలు గేటు దగ్గర ఆగాల్సిన చోట ఆగకుండా, నాన్నను హాజరు పుస్తకంతో సహా కాలవలోకి దింపింది. తెగిన తీగను చూసి పోలీసులు ఇది కమ్యూనిస్టుల పనేనని తేల్చారు. నాన్నను స్టేషనులో ఒక పూటంతా కూర్చోబెట్టి, శత్రువులెవరున్నారని అడిగారు. నాన్నకు స్నేహితులే లేరు. ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను నోరు విప్పలేదు. ఇది చదివితే తప్ప ఆయనకు ఇప్పటికీ తెలియదు.

శ్రీరామనవమికి మా రామమందిరంలో ఏకాహం చేసేవారు. రోజంతా దీపపు సెమ్మె చుట్టూ తిరుగుతూ భజన చెయ్యాలి, మధ్యలో నామం తెగకూడదు. కర్ఫ్యూ వల్ల మా ఏకాహం పొద్దు పొడిచాక మొదలై అయిదున్నరకు ముగిసేది. దేవుడు కూడా అనుమతి పత్రం లేని మనిషే కదా. ఆ ఏడు కర్రల సాయంతో బుదయ్య కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వడపప్పు పంచే వేళ వాన పట్టుకుంది, సగంమంది వరండాలోకి పోయారు. భజన నడిపించే మేస్త్రి గుక్కెడు పానకం తాగబోయాడు. మిరియం గొంతుకు అడ్డంపడింది. దగ్గు ఆగలేదు, చిడతలు కింద పడ్డాయి, హార్మోనియం వాయించేవాడు మేస్త్రి వీపు చరుస్తున్నాడు. నామం తెగిపోబోతోంది.

అప్పుడు అరుగు మీంచి గిటారు మోగింది. బుదయ్యకు వచ్చిన తెలుగు పాట ఒక్కటే. రాములవారి ముందు వదిన పాట!

"అదేటిరా బుదయ్యా!" అని మామ్మ నెత్తి కొట్టుకుంది. మరుక్షణం, "నామం తెగనీకండిరా!" అని అరిచి తనే గొంతెత్తింది. వదిన నడక, వదిన జడ, వదిన వంట వచ్చిన చోటల్లా 'రామ రామ' అని పెట్టి పాడేసింది. ఆడవాళ్ళు నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకుంటూనే అందుకున్నారు. మేస్త్రి తేరుకునేదాకా, పావుగంట, ఘనా దేశం మా ఏకాహాన్ని మోసింది. ఆ రోజు నేను మొదటిసారి లైన్ల పిల్లల మధ్య కూర్చుని చప్పట్లు కొట్టాను. నాన్న చూసి, తల వాన వైపు తిప్పుకున్నాడు.

జూన్‌లో ఓడ వచ్చింది. రేవు దగ్గర బుదయ్య నా తలమీద చెయ్యి పెట్టాడు. "ఆ పాట నా రికార్డుకెక్కుతుంది. మొదటి కాపీ నీకే," అన్నాడు. ఏడవాలని గట్టిగా ప్రయత్నించాను. ఓడ పొగ కంట్లో పడ్డాక కుదిరింది.

ఆగస్టు చివర మాకు మెర్డెకా, మా స్వతంత్రం. ఊరంతా జెండాలు, పాయసాలు. నాకు గవదబిళ్ళలు. తలకు గుడ్డ కట్టుకుని, గోడ వైపు తిరిగి, ఇలా ఒంటరిగా పడుకుని దేశం పండగ పోగొట్టుకున్న మనిషి నాకు తెలుసు కదా అనుకున్నాను. తర్వాత వారానికి రెండుసార్లు పోస్టు సంచి విప్పేవేళ ఆఫీసు కిటికీ పట్టుకుని నిలబడేదాన్ని. "ఏటే గుంటా, నీకెవులు రాస్తారే ఉత్తరాలు?" అని మామ్మ కసిరేది, కానీ కళ్ళలోకి చూసేది కాదు. మూడేళ్ళు నిలబడ్డాను. మానేసింది పౌరుషంతో కాదు, చదువుకని తైపింగు ఊరి హాస్టల్లో వేశారు కాబట్టి. నన్ను మర్చిపోయాడా లేదా అన్న సందేహం మాత్రం ట్రంకుపెట్టెలో నాతోపాటే వచ్చింది, ఆ తర్వాత ప్రతి అద్దె గదికీ వచ్చింది.

పోయిన ఆదివారం, నాన్న టీ తాగుతుండగా, వాసెన విప్పాను. గుడ్డ కింద నల్లగా, నూనెతో నిగనిగలాడుతూ, జాడీ మూతికి కొలిచి చేసినట్టున్న గ్రామఫోను రికార్డు. మధ్య చిల్లును చింతపండు ఉండతో పూడ్చారు. మీది పేరు కాగితం నూనెలో కరిగి 'క్వే' అన్నంత మేరకే మిగిలింది.

"నాన్నా, ఇది ఎక్కడిది?"

నాన్న కప్పు కింద పెట్టాడు. "మెర్డెకా అయిన మరుసేడు, నువ్వు బడికెల్లినప్పుడు వచ్చినాదమ్మా. ఎమర్జెన్సీ అప్పటికింకా పోలేదు. ఆ సైకిలు గొడవకి ఒకపాలి స్టేషనుకెల్లి కూకున్నాను కదా. మల్లీ పరాయిదేశం పార్సిలంటే ఏటడుగుతారో అని బయమేసినాది. పారేద్దామన్నాను, మీ మామ్మ ఒప్పలేదు."

"ఏమంది?"

"మనింట్లో గ్రామఫోను నేదు, జాడీ ఉంది కదా, అంది."

అంటే నేను కిటికీ పట్టుకుని నిలబడ్డ మూడేళ్ళలో సగం పైన అది మా వంటింట్లోనే ఉంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా దాని కింది ఆవకాయే తిన్నాను. ఆ పార్సిలు నాకు చేరకుండా చేసింది నాన్న భయం కాదు, నేను లాగిన తీగ. చెప్పేద్దామని నోరు తెరిచాను. నాన్న బస్సుకు టైమైందన్నాడు. తోటలో కొబ్బరి మొత్తం కొట్టేశారట, అన్నీ పామాయిలేనట, బుదయ్య ఊరి చెట్లు. ఆసుపత్రి కూలిపోయిందట, రామమందిరానికి తాళమట.

నాన్న వెళ్ళాక రికార్డును సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నా ప్లేయరు మీద పెట్టాను. అది డెబ్భై ఎనిమిది వేగం రికార్డు, నా ప్లేయరులో నలభై అయిదు దాకానే ఉంది. సరేనని అందులోనే పెట్టాను. బరబర శబ్దం, తర్వాత బొటనవేలు. నిదానంగా, బరువుగా, సరిగ్గా మామ్మ రోకలిపోటు వేగంతో. వదిన నడక వచ్చింది. వదిన జడ దగ్గర ఒక మగగొంతు, కాలవ అడుగు నుంచి వచ్చినట్టు, 'రామ రామ' అంది. వదిన వంట దాకా రాకుండానే సూది ఒక ఆవగింజ మీదకెక్కి విరిగిపోయింది.

ఇలాంటి రికార్డులకు సూది వేరే ఉంటుందట, లావుది. ఇపోలో దొరకదు. కౌలాలంపూర్ నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందని దుకాణం వాడు చెప్పాడు.