ఓదెలు తాత తవ్విన జానెడు మన్ను

మా తాత ఓదెలును దేవుడు కుదురు అనే దినుసు వేయకుండానే చేశాడు. అన్నం తింటూ మధ్యలో లేచి వాకిలి చూసొచ్చేవాడు. మంగలి ఆయన తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని గొరిగేవాడట. ఇదంతా మా నాయనమ్మ సోమమ్మ చెప్పిందే. ఉప్పూకారం నాది.

ఇస్నాపూర్ పక్కన, అడవి అంచున తాతకు బొగ్గుబట్టి ఉండేది. తుమ్మ మొద్దులు పేర్చి, మట్టి కప్పి కాల్చేవాడు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. ఒక ఎండాకాలం అడవిలో చెట్ల కింద మన్ను నల్లబడింది. కోస్తా నుంచి వచ్చిన అడవి గార్డు వీర్రాజు నేరుగా బట్టి దగ్గరికొచ్చాడు.

“ఈ మసి నీదే ఓదెలూ. బట్టి ఆర్పెయ్.”

“నాది కాదు సారూ! గా ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని అడుగుండ్రి.”

“నీది కాదని చూపించు. అప్పటిదాకా నిప్పు పెట్టకు.”

బట్టి చల్లారింది. తాత కాళ్లు చల్లారలేదు. ఇంటికీ అడవికీ తిరిగి తిరిగి కాలిబాటను బండిబాట చేశాడు. చివరికి పెళ్లిళ్లకు తలకు చుట్టుకునే తెల్ల రుమాలు తీసుకెళ్లి చెట్ల కింద పరిచి, మూలలకు రాళ్లు పెట్టాడు.

మర్నాటికి రుమాలు నిండా నల్ల చుక్కలు. బట్టి రాజుకోనేలేదు కదా! రుద్దితే కట్టెబొగ్గు మసిలా పొడిగా రాలలేదు, జిడ్డుగా సాగాయి, నీళ్లకు పోలేదు. వీర్రాజు వాసన చూశాడు. “ఇది ఫ్యాక్టరీదే. సరే, రేపట్నుంచి కాల్చుకో.”

అక్కడితో ఇంటికి వస్తే ఆయన మా తాత ఎందుకవుతాడు?

“గింతేనా సారూ? మన్ను గూడ సూడుండ్రి, పక్కా అయితది,” అని గడ్డపార దించాడు. పైన జిడ్డు మన్ను. జానెడు కిందికి పోయేసరికి పొడిపొడిగా బొగ్గు రవ్వలు.

“మరి ఇదెవరిది?”

వెంట వచ్చిన నాయనమ్మ వెనక నుంచి తాత ధోతి లాగింది. తాత ఒక రవ్వను వేళ్ల మధ్య నలిపాడు.

“తుమ్మది,” అన్నాడు. “మా బట్టిదే. మా నాయిన కాలంది గూడ ఉంటది.”

వీర్రాజు తల పట్టుకున్నాడు. “ఎవరు తవ్వమన్నారయ్యా నిన్ను? చూశాక ఎలా వదలను?”

బట్టి మూతబడింది. ఫ్యాక్టరీ పొగగొట్టం జోలికి పోయేంత అధికారం గార్డుకు లేదు.

“జెర సేపు సప్పుడు జెయ్యక నిలవడితే మన బువ్వ మనకుంటుండె గద!” అని నాయనమ్మ మొత్తుకుంది.

“ఏందే, అబద్ధమాడాల్నా?”

“ఎవలాడమన్నరు? తవ్వకుంటె అయిపోతుండె!”

ఆ సాయంత్రమే తాత బట్టిని కూలగొట్టి నేల చదును చేయసాగాడు. కూలగొట్టమని ఎవరూ అనలేదు. ఊరికే కూర్చోలేక. తిడుతూనే నాయనమ్మ మట్టి తట్ట నెత్తికెత్తుకుంది.