బన్నులో బలమెంత?

సిరిల్‌కి ఒకటే జబ్బు. ఎదుటివాడి చేతిలో మెత్తటి తెల్ల బన్ను కనిపిస్తే చాలు, అందులో బలమెంతో చెప్పకుండా ఉండలేడు.

లాంకషైర్‌లోని ఆ మిల్లుల ఊళ్లో పొద్దున్నే అందరికీ బన్నే గతి. బేకరీ ముందు వరుసలోనే ఉపన్యాసం మొదలయ్యేది.

"గోధుమకి పొట్టు తీసేశారు, మొలక తీసేశారు. ఇంక మిగిలిందేమిటి? పిండీ, ఉప్పూ, గాలీ! పీచు కావాలంటే భూతద్దం పెట్టి వెతుక్కోవాలి."

"పిండిలో ఇనుము కలుపుతున్నారు కదండీ!" అనేది బేకరీ ఆవిడ.

"ఇనుమే కావాలంటే మీ ఇనప గేటు నాకితే చాలదా తల్లీ!"

ఒక పెళ్లిలో పెళ్లికూతురు నోటిదాకా తెచ్చుకున్న బన్నును ఆపి మరీ పీచు లెక్క చెప్పాడు. అప్పట్నుంచి అతన్ని విందులకు పిలవడం మానేశారు. చావులకు పిలుపు అక్కర్లేదు కాబట్టి వాటికి మాత్రం తప్పకుండా వచ్చేవాడు.

ఎడ్నా భర్త హర్బర్ట్ పోయినప్పుడూ వచ్చాడు. అతన్ని చూడగానే ఎడ్నా గుండె గుభేలుమంది. అసలే ఆమె బెంగ ఆమెది. హర్బర్ట్ బ్యాండులో బాకా ఊదేవాడు. ఆ ఒక్క బ్యాండే వస్తుందనుకుంటే చుట్టుపక్కల ఊళ్ల బ్యాండులన్నీ దిగాయి. సమాధి దగ్గర ఊది ఊది అందరూ నకనకలాడుతున్నారు. భోజనాల హాల్లో బల్ల మీద పంది మాంసం పెట్టిన బన్నులు చూస్తే మనిషికొకటి వస్తే గొప్ప. చావు భోజనాల్లో ఒక్కదానితో లేచేవాడు ఆ ఊళ్లో పుట్టలేదు. బన్నులు చాలలేదంటే "మొగుణ్ణి పస్తులు పెట్టి సాగనంపింది" అని ఎడ్నాను జన్మంతా ఆడిపోసుకుంటారు.

సిరిల్ బల్ల వంక చూశాడు, గుమ్మంలోని జనం వంక చూశాడు, ఎడ్నా మొహం వంక చూశాడు. చటుక్కున కుర్చీ ఎక్కాడు.

"బాబులూ! ఊపిరి అమ్ముకుని బతికేవాళ్లు మీరు. హర్బర్ట్ కోసం తలా ఒకటి తినండి, కాదనను. రెండోది తిన్నారో, ఒంట్లో చక్కెర గుప్పున లేచి ఢామ్మని పడుతుంది. రేపు బాకా ఎత్తలేరు!"

"ఈయన్ని ఎవరైనా దింపండర్రా!" అని అరిచాడు డోలు వాయించే లావాటాయన. రెండోదాని మీదికి వెళ్తున్న చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

చక్కెర అయ్యాక ఉప్పు, ఉప్పయ్యాక పీచు. ఆ పోరు పడలేక జనం తలా ఒక బన్ను తిని, టీ తాగి బయటపడ్డారు. తిట్లన్నీ సిరిల్‌కే పడ్డాయి. ఎడ్నాను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

హాలు ఖాళీ అయ్యేసరికి పళ్లెంలో రెండు బన్నులు మిగిలాయి కూడాను.

"మీరు కావాలనే చేశారు కదూ, సిరిల్ గారూ?" అంది ఎడ్నా.

"నేనేం చేశానమ్మా? ఉన్నమాట చెప్పాను" అని సిరిల్ మొహం తిప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే అతని కడుపు హాలంతా వినబడేలా గుర్రుమంది.

ఎడ్నాకు నవ్వాగలేదు. భర్త పోయాక నవ్వడం అదే మొదలు. పళ్లెం అతని చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది.

సిరిల్ రెండూ తిన్నాడు. పీచు ఊసెత్తలేదు, ఉప్పు ఊసెత్తలేదు. చివరి ముక్క మింగాక మాత్రం, "వెన్న బాగా దట్టించావమ్మా" అన్నాడు.