గొలుసత్తయ్య

చలికాలపు ఉదయం, సముద్రపు ఒడ్డు రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉండగా "వస్తోంది" అని కేక వినిపించింది. కిటికీ పక్క సీటు మీద ఆశకొద్దీ, సంచీ సర్దుకుని అందరికంటే ముందుగా రోడ్డు మీదికి నడిచాను. వచ్చింది బస్సు కాదు, అల. ఒడ్డున కట్టిన రాతిగోడ దాటి వచ్చి, నన్ను నిలువునా తడిపి, ఎడమకాలి చెప్పు తీసుకుని వెళ్ళిపోయింది. తక్కినవాళ్ళెవరూ గోడ దరిదాపుల్లో లేరు. వాళ్ళు ఆ ఊరివాళ్ళు.

"బస్సయితే 'వచ్చింది' అంటానండీ. 'వస్తోంది' అన్నానంటే వెనక్కి జరగాలి" అంది కేక వేసినావిడ, తువ్వాలు అందిస్తూ. ఆ తేడా తెలియని కొత్తవాళ్ళకి ఏటా ఈ స్నానం తప్పదట.

ఆవిడ్ని ఊరంతా గొలుసత్తయ్య అంటారు. గొలుసు మెడలో లేదు, చేతిలో ఉంది. సముద్రం పోటెత్తినప్పుడు మలుపు దగ్గర రెండు ఇనప స్తంభాల మధ్య దాన్ని తగిలించి రోడ్డు మూయడం, తగ్గాక విప్పడం ఆవిడ ఉద్యోగం. పక్కనే ఆవిడ గది: ఒక స్టూలు, ఒక ఫ్లాస్కు, సముద్రం వైపు కిటికీ. అద్దం మీద ఉప్పు పేరుకుంటూ ఉంటుంది, ఆవిడ పాత పేపరుతో తుడుస్తూ ఉంటుంది. గొలుసు తుప్పు పట్టకుండా రోజూ గ్రీజు పూస్తుంది కాబట్టి, ఏ పెళ్ళిలోనైనా ఆవిడ ఎక్కడ కూర్చుందో వాసనబట్టి కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

ఆ రోడ్డు మీద బస్సు నడిపేది ఆవిడ కోడలే. ఇంట్లో ఇద్దరికీ కూరలో ఉప్పు దగ్గర పడదని వినికిడి.

ఆ చలికాలంలోనే ఒకరోజు నేను ముందు సీట్లో, పొడిబట్టలతో కూర్చుని ఉండగా మలుపు దగ్గర గొలుసు అడ్డం వచ్చింది. కోడలికి అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకొక్కసారి అయితే ఆ అమ్మాయిని డ్రైవరు పనిలోంచి తీసేస్తామని డిపో మేనేజరు చెప్పేశాడు. బస్సులో అందరికీ తెలిసిన సంగతే.

కోడలు కిటికీలోంచి తల బయటపెట్టింది. "అత్తయ్యా, రోడ్డు ఖాళీగానే ఉంది కదా. చిటికెలో దాటేస్తాను."

"ఉంది. ఉండనీ."

"ఇవాళ లేటయితే నా పని అయిపోయినట్టే. తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసే ఆపుతున్నారా?"

"తెలియకపోతే ఇంత కష్టంగా ఉండేది కాదే."

"రాత్రి ఉప్పెక్కువైందేమో" అన్నారెవరో మధ్య సీట్లోంచి. బస్సంతా నవ్వింది.

అత్తయ్య చెయ్యి కొక్కెం మీద ఉంది. వేలు కదిపితే చాలు, గొలుసు ఊడుతుంది. నేను ఆ వేలినే చూస్తున్నాను. కదిలింది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడుని పైకి తోసి, మళ్ళీ కొక్కెం మీదికే వచ్చింది.

అంతలో అల గోడని కొట్టింది. గోడ మీది రాళ్ళు వరసగా రోడ్డు మీద పడ్డాయి, గొలుసు తీసి ఉంటే సరిగ్గా మేము ఉండే చోట. నవ్వినవాళ్ళం నోళ్ళు మూసుకున్నాం. కోడలు ఇంజను ఆపి, దిగి, అత్తగారి పక్కన నిలబడింది. అత్తయ్య కోడలి ఫోను తీసుకుని డిపోకి చేసింది.

"బస్సు ఆపింది నేను. లేటేదో నా మీద రాసుకోండి."

"మీరెవరు?"

"గొలుసు."

అవతల మేనేజరుకి ఎవరో అర్థమైంది. "సరేనమ్మా, తెరిచాకే పంపండి. ఆ అమ్మాయి మీద రాయను" అన్నాడు. ఆ మాట విన్నాకే అత్తయ్య స్టూలు మీద కూలబడింది.

సముద్రం తగ్గింది. మెలకువగా ఉన్నవాళ్ళమంతా దిగి రాళ్ళు పక్కకి దొర్లించాం. అప్పుడే నిద్రలేచిన వెనక సీటు పెద్దమనిషి కిటికీలోంచి చూసి విసుక్కున్నాడు. "ఏమమ్మా, మీ అత్తాకోడళ్ళ పోట్లాటకి మమ్మల్ని నడిరోడ్డు మీద కూర్చోబెడతారా?"

అత్తయ్య గొలుసు విప్పుతూ అంది: "పోట్లాట సాయంత్రం ఇంట్లో ఉందండీ, ఇది డ్యూటీ."